కెమెరాలో అంతా నార్మలే

ఎనిమిదో తరగతిలో ఎంత ఐరన్ సిరప్ తాగినా నాకు రక్తం పట్టేది కాదు. పొట్ట ఉబ్బరం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, క్లాసులో అందరికన్నా పొట్టిదాన్ని. నులిపురుగుల మాత్రలు అయ్యాయి, నానమ్మ నువ్వులుండలు అయ్యాయి. "ఆడపిల్ల, సరిగ్గా తినదు" అని ఒక డాక్టర్ తేల్చేశారు. నేనేమో బాగానే తినేదాన్ని. బలమని అమ్మ రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీలు పెట్టేది.

చివరికి కాకినాడలో పిల్లల డాక్టర్ ఒకరు టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు చేసే పరీక్ష అది. అన్నం తినే మన వైపు దాని గురించి పెద్దగా అనుమానించరు. నాకు ఎక్కువే వచ్చింది గానీ, మామూలు హద్దుకు పది రెట్లు దాటలేదు. అంత ఎక్కువుండి, ఇంకో రక్తపరీక్ష కూడా పాజిటివ్ అయితే పిల్లలకు ఎండోస్కోపీ, అంటే గొంతులోంచి కెమెరా గొట్టం పంపి చూడటం, లేకుండానే జబ్బు ఖాయం చేయొచ్చట. నన్ను హైదరాబాద్ పంపారు.

"ఈలోగా గోధుమ మాన్పించమంటారా?" అని అమ్మ అడిగింది.

"వద్దమ్మా. ఇప్పుడు మానేస్తే పేగు కోలుకోవడం మొదలుపెడుతుంది, పరీక్షకు తీసే పేగు ముక్కలో జబ్బు దొరకదు."

హైదరాబాద్‌లో సంతకం పెట్టే కాగితం మీద 'బయాప్సీ' అని చూసి నాన్నకు చెమటలు పట్టాయి. మా ఇళ్లలో ఆ మాటకు క్యాన్సర్ అనే అర్థం.

"దాని కోసం కాదండీ. పేగు లోపల ఆహారాన్ని పీల్చుకునే సన్నటి మొలకలుంటాయి. అవి అరిగాయో లేదో మైక్రోస్కోప్ కిందే తెలుస్తుంది" అన్నారు డాక్టర్.

"కెమెరాలో బాగానే కనిపిస్తే?"

"అయినా తీస్తాను."

మత్తు దిగాక గొంతు కాస్త మండింది, అంతే. ఫోటోల్లో అన్నవాహిక, జీర్ణాశయం, పేగు అన్నీ గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. నాన్న అప్పుడే ఊళ్లో అందరికీ ఫోన్లు చేసేశారు. కానీ నూకగింజంత ముక్కలు చాలాచోట్ల తీశారు. జబ్బు పేగంతా ఒకేలా ఉండదట, ఒక్కచోటే తీస్తే తప్పిపోవచ్చు. రిపోర్టులో 'మార్ష్ 3' అని వచ్చింది. అంటే మొలకలు చదునైపోయాయి.

ఎండోస్కోపీ చేసిన ప్రతి పిల్లకీ ముక్కలు తీయాలా అని డాక్టర్లలోనే వాదనుందని తర్వాత చదివాను. ల్యాబ్ ఖర్చు ఉంది, అరుదుగా రక్తస్రావమూ కావచ్చు. మింగిన నాణెం తీయడానికైతే అక్కర్లేదేమో. రక్తం పట్టక, ఎదగక వచ్చిన పిల్లకు మత్తిచ్చి ఎలాగూ లోపలికి వెళ్లినప్పుడు మాత్రం నా ఓటు ముక్కలకే.

తిండి మార్చుకోవడం తేలికే అనుకున్నాం. అన్నం, ఇడ్లీ, రాగిసంకటి ఉండనే ఉన్నాయి. అయినా నెలల తరబడి ఉబ్బరం పోలేదు. దొంగ ఇంగువ డబ్బాలో దొరికాడు! అందులో గోధుమపిండి కలిపి ఉంది. మా పప్పు, పులిహోర, చారు, అన్నింట్లో అదే. బొంబాయి రవ్వ, సేమ్యా, మాల్ట్ పొడి కూడా ఇంట్లోంచి వెళ్లిపోయాయి. అన్నవరం ప్రసాదం గోధుమనూకతో చేస్తారు కాబట్టి కళ్లకద్దుకుని తమ్ముడికిచ్చేస్తాను. వాడికేం బాధ లేదు.

ఇంగువ మానేశాక హిమోగ్లోబిన్ పెరిగింది, పదో తరగతికి అమ్మ ఎత్తు దాటాను. టీటీజీ మామూలుకి రావడానికి ఏడాదికి పైనే పట్టింది. ఇంట్లోవాళ్లూ పరీక్ష చేయించుకోవాలన్నారు. అమ్మకీ తమ్ముడికీ ఏమీ లేదు. నాన్న మాత్రం "నాకేమైందిప్పుడు" అంటూ ఇంకా వాయిదా వేస్తున్నారు.