"మరి నేనెందుకు చూశాను సార్?"

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే పాఠం ఇంట్లో వీడియోలో, బుర్రకు పని క్లాసులో. వీడియో తీయడం కష్టమేం కాదు, ఫోనూ తెల్లకాగితమూ చాలు. న్యూటన్ మూడో నియమం మీద 40 నిమిషాలది ఒకటి తీసి, చూసి రమ్మన్నాను.

మర్నాడు అడిగాను: లారీ, కారు గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది? ఉలుకూ పలుకూ లేదు. వీడియో చూసినవాళ్లు చేతులెత్తండి అంటే నాలుగు లేచాయి. అందులో ఒకటి మంచినీళ్లకు వెళ్తానని అడగడానికి.

కంగారుపడి ఆ పాఠమంతా బోర్డు మీద మళ్లీ చెప్పేశాను. నన్ను ముంచింది అదే. రెండుసార్లు చూసి నోట్సు రాసుకొచ్చిన అమ్మాయి బయటికెళ్తూ, "మరి నేనెందుకు చూశాను సార్?" అంది. ఆ తర్వాతి వీడియో తనూ చూడలేదు.

వారం తిరక్కుండా ఫిర్యాదు: సార్ పాఠాలు మానేశారట. మా పైనున్న పెద్దాయన పిలిచి, అందరి ముందూ, "వీడియోలే చెప్పేస్తే మీకు జీతమెందుకండీ?" అన్నారు. ఏళ్ల తరబడి అవే నోట్సు చదివి వినిపించే మనిషి! చెవులు కాలిపోయాయి, నోరు మాత్రం లేవలేదు.

2007లో కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఈ పద్ధతికి ఊపొచ్చింది అక్కడే. వాళ్లకీ ఇలాంటి పెద్దాయన ఉండేవాడేమో.

తర్వాత మార్చినవి కొన్నే. వీడియో 6 నిమిషాలు దాటనివ్వను. చివర రెండు ప్రశ్నలు, జవాబులు రాత్రికే నాకు చేరాలి. ఎక్కడ తడబడ్డారో చూసుకునే క్లాసుకెళ్తాను. నెట్ లేనివాళ్లకు పెన్‌డ్రైవ్. చూడకుండా వస్తే వెనక బెంచీలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అప్పుడు చూడాల్సిందే. పాఠం మాత్రం మళ్లీ చెప్పను. ఎంత బతిమాలినా సరే, మీరూ చెప్పకండి.

లారీ ప్రశ్న మళ్లీ వేశాను, ఈసారి హార్వర్డ్‌ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ చేసే పద్ధతిలో: ముందు ఎవరికి వాళ్లు ఓటు, తర్వాత పక్కవాళ్లతో వాదన, ఆపైన మళ్లీ ఓటు. సగం మంది లారీకే వేశారు. వాదన మొదలయ్యేసరికి గది దద్దరిల్లింది. గోలకు పెద్దాయన గుమ్మంలోకొచ్చి, ప్రశ్న చూసి, "లారీయే కదా!" అన్నారు.

"బలం రెండిటి మీదా సమానమే సార్," అంది ఆ అమ్మాయే. "కారు తేలిక కాబట్టి దాని వేగం ఎక్కువ మారుతుంది, అంతే."

నేను బోర్డు తుడుచుకుంటూ ఉండిపోయాను.