క్యాంపులో చిట్టీ ఎవరితో కలిసి వేయాలి

దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో చిట్టీలు నడుస్తూనే ఉంటాయి. కాగితం ఉండదు, జమానతు ఉండదు, ఎగ్గొడితే ఎక్కడికీ పోయి అడగలేం. పది పన్నెండు మంది, తలా 500 దిర్హమ్‌లు. మొదటి నెలే ఎత్తుకున్నవాడు మిగతా నెలలన్నీ కడతాడా లేదా అన్నది మనిషిని చూసే తేల్చుకోవాలి. జీతం 1,200 వచ్చే హెల్పర్‌కు ఇది చిన్న సంగతి కాదు, ఇంటికాడ మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఎదురుచూస్తుంటుంది.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఊరు అడుగుతారు. జగిత్యాలా, సిరిసిల్లా, మనోడేనా అని. నాకిది అస్సలు నచ్చదు. మనలో చాలామందిని ముంచింది మన మండలం ఏజెంటే కదా! రూల్ ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్ష దాటి కట్టి వచ్చినవాళ్లు ఏ రూమ్‌లో చూసినా ఉన్నారు, ఆ డబ్బు గుంజినవాడు బావా, తమ్ముడూ అని వరస కలిపినవాడే.

పాతవాళ్లు మెస్ చూస్తారు, అంటే నలుగురు కలిసి వంతులవారీగా వండుకునే చోట మనిషి ఎలా ఉంటాడో. తన వంతు వచ్చిన రోజు ఒళ్లు హూనమై వచ్చినా పొయ్యి ముట్టిస్తాడా, ప్రతిసారీ ఓవర్‌టైమ్ ఉందని తప్పుకుంటాడా. అంతకన్నా ముఖ్యం, డబ్బు లేనప్పుడు ముందే చెబుతాడా. "అన్నా, ఈ నెల జీతం పడలేదు, పదో తారీఖు దాకా ఆగండి" అని తనే వచ్చి చెప్పినవాడిని ఎవరూ అనుమానించరు. 2009 నుంచి జీతాలు బ్యాంకు, ఎక్స్ఛేంజ్‌ల ద్వారా వేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఒకే కంపెనీలో ఎవరికి పడిందో అందరికీ తెలుస్తుంది, అబద్ధం నిలవదు. ఫోన్ ఎత్తకుండా, బాత్రూమ్ లైన్‌లో మొహం తిప్పుకుని తిరిగినవాడు చివరికి పైసాతో సహా కట్టినా సరే, మళ్లీ కలుపుకోరు. అదే సరైనదని నేనూ అంటాను. చేతిలో డబ్బు లేకపోవడం ఇక్కడ అందరికీ వస్తుంది, దాక్కోవడం మాత్రం కొందరే చేస్తారు.

ఇంకోటి వీసా. చాలామందికి రెండేళ్లకోసారి రెన్యువల్. చిట్టీ ముగిసేలోపు వీసా అయిపోయేవాడిని, ఎంత మంచివాడైనా, ముందు ఎత్తుకోనివ్వరు. దీన్ని అవమానంగా తీసుకోవద్దు. ఇంటికి చేరిన మనిషికి ఇక్కడి పన్నెండు మంది కన్నా గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడే ముందు కనిపిస్తాడు, అది సహజం.

మా చిట్టీ డబ్బు వసూలు చేసేది పెషావర్ నుంచి వచ్చిన పఠాన్ డ్రైవర్. మాది వచ్చీరాని హిందీ, ఆయనదీ అంతే. అయినా ఆయన చేతిలో పెట్టడానికి ఎవరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే సెలవు రోజు రాత్రి అందరినీ కూర్చోబెట్టి, తన వాటా ముందు వేసి, ఎవరెంత ఇచ్చారో పైకి చదువుతాడు. ఒకడు ఆపితే వాడు కట్టనిది నేనెందుకు కట్టాలని రెండోవాడు అంటాడు, అక్కడి నుంచి చిట్టీ కూలిపోతుంది, కళ్లారా చూసిందే. పక్కవాడు కట్టడం చూస్తే ఇబ్బందిలో ఉన్నవాడు కూడా ఎక్కడో సర్దుకుని తెస్తాడు.

కొత్తగా వచ్చే తమ్ముళ్లూ, ముందు మెస్‌లో చేరండి. కొన్ని నెలలు వాళ్లను చూడండి, మిమ్మల్నీ చూడనివ్వండి. తర్వాత చిట్టీలో చివరి నెల అడగండి. అలా అడిగినవాడికి తర్వాతి చిట్టీలో ముందు నెలలు ఇవ్వడం మా దగ్గర అలవాటు.