గణితానికి పునాది వేసుకునేవారికి: కారణాంక వృక్షంతో నా అనుభవం

రైల్వే ఎన్‌టీపీసీ (నాన్ టెక్నికల్ పాపులర్ కేటగిరీస్) ఉద్యోగాల పరీక్షకు నేను విజయనగరంలో గది తీసుకుని చదివాను. మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, వాటిలో గణితం 30. ప్రతి తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. అందుకే శాతాలు, కాలం–పని జోలికి వెళ్లకముందే హైస్కూలు నాటి ప్రధాన కారణాంకాలను గట్టిగా పట్టుకున్నాను. తోటి అభ్యర్థులకు నేను మొదట చెప్పేది కూడా ఇదే.

గదిలో మేం ముగ్గురం. ఒకే సంఖ్యకు ముగ్గురం విడివిడిగా కారణాంక వృక్షం, అంటే ప్రధాన సంఖ్యలే మిగిలేదాకా సంఖ్యను కొమ్మలుగా విడగొట్టే బొమ్మ, గీసేవాళ్లం. 360ని ఒకరు 36 × 10 అని, ఒకరు 6 × 60 అని, మరొకరు 8 × 45 అని విడగొట్టినా చివరికి అందరికీ మిగిలేది 2³ × 3² × 5 మాత్రమే. అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెప్పేది ఇదే. ఇది మనసుకు ఎక్కితే ఎక్కడ మొదలుపెట్టాలన్న తడబాటు ఉండదు. ఏ గుణకారం ముందు తడితే దానితోనే విడగొట్టండి. 1ని మాత్రం కొమ్మగా రాయకండి, అది ప్రధాన సంఖ్య కాదు.

ఇక ఆ ఒక్క వరుస ఎన్ని ప్రశ్నలకు పనికొస్తుందో చూడండి. 360కి మొత్తం కారణాంకాలు ఎన్ని? ఒక్కో ఘాతాంకానికి ఒకటి కలిపి గుణిస్తే 4 × 3 × 2 = 24. వాటిలో బేసివి ఎన్ని? 2ని వదిలేస్తే 3 × 2 = 6. కనీసం ఎంతతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది? 2కీ 5కీ ఘాతాంకం బేసి కాబట్టి 10తో. 3600 అంటే 60 వర్గమే కదా!

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) లెక్కలకు మేమే ప్రశ్నలు తయారుచేసుకునేవాళ్లం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బొబ్బిలికి 24, సాలూరుకు 36, శ్రీకాకుళానికి 40 నిమిషాలకు ఒక బస్సు బయలుదేరుతుందనుకోండి. ఉదయం 6 గంటలకు మూడూ కలిసి కదిలితే మళ్లీ ఎప్పుడు కలిసి కదులుతాయి? 2³ × 3, 2² × 3², 2³ × 5. పెద్ద ఘాతాలు తీసుకుంటే 360 నిమిషాలు, అంటే మధ్యాహ్నం 12 గంటలకు. మూడింటిలోనూ ఉన్న 2ని చిన్న ఘాతంతో తీసుకుంటే గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) 4.

నా దృష్టిలో అసలు కష్టం కొమ్మను ఎక్కడ ఆపాలన్నదే. 91, 119, 133, 143 చూడగానే ప్రధాన సంఖ్యల్లా అనిపిస్తాయి. కానీ అవి వరుసగా 7 × 13, 7 × 17, 7 × 19, 11 × 13. అనుమానం వచ్చిన సంఖ్యను దాని వర్గమూలం దాటని ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 221, 223 రెండింటికీ వర్గమూలం 15 లోపే. 13 వరకు పరీక్షిస్తే 221 = 13 × 17 అని తేలుతుంది, 223 దేనికీ లొంగదు. అక్కడ ఆగిపోవచ్చు.

357357 లాంటి ఆరంకెల సంఖ్య వస్తే బెదరకండి. మూడంకెలు అలాగే తిరిగి వచ్చాయంటే అది 357 × 1001. 1001 అంటే 7 × 11 × 13, 357 అంటే 3 × 7 × 17. ఇక మిగిలింది 3 × 7² × 11 × 13 × 17 అని రాయడమే.