అందరికీ తెలిసిన రహస్యం

అమెరికాలో మనం చదువుకున్న ఊరు టస్కలూసా (అలబామా) జ్ఞాపకాలు రాయమంటే మనవాళ్ళలో సగం మంది ఫుట్‌బాల్ గురించి, మిగతా సగం ఇండియన్ సరుకుల కోసం బర్మింగ్‌హామ్ దాకా చేసిన ప్రయాణాల గురించి రాస్తారని నాకు తెలుసు. అందుకే నేను మెషీన్ గురించి, అంటే అక్కడి విద్యార్థి ఎన్నికలను తెర వెనక నుంచి నడిపే రహస్య సంఘం గురించి రాస్తున్నాను.

2012 ఫాల్‌లో యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో ఎం.ఎస్.కి చేరినప్పుడు మాకు ఫ్రాటర్నిటీ, సొరోరిటీ (గ్రీకు అక్షరాల పేర్లతో, సొంత ఇళ్ళతో ఉండే అబ్బాయిల, అమ్మాయిల సంఘాలు) అంటే సినిమాల్లో చూసిన పార్టీలే. ఆగస్టు ఎండలో బిడ్ డే (కొత్త సభ్యులకు సొరోరిటీల ఆహ్వానాలు, అంటే బిడ్లు, అందే రోజు) చూశాక కళ్ళు తెరుచుకున్నాయి. వందలాది అమ్మాయిలు బ్రయంట్-డెన్నీ స్టేడియంలో కవర్లు విప్పుకుని, తమను తీసుకున్న సొరోరిటీ పేరు చూసుకుని, కేకలు పెడుతూ ఆ ఇళ్ళకేసి పరుగు తీస్తారు. ఇళ్ళంటే మామూలు ఇళ్ళా, తెల్లటి స్తంభాల మేడలు. మా డిపార్ట్‌మెంట్ బిల్డింగ్ వాటి పక్కన గోడౌన్‌లా ఉండేది.

మెషీన్ పేరు మొదట విన్నది నేను టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఉన్న ల్యాబ్‌లో. స్టూడెంట్ గవర్నమెంట్ ఎన్నికల రోజున ఒక కుర్రాణ్ణి ఎవరికి వేశావని ఊరికే అడిగాను. "హౌస్‌లో చెప్పినవాళ్ళకి" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. ఎవరు చెప్పారంటే నవ్వి ఊరుకున్నాడు. పక్క బెంచీలో ఉన్న అమ్మాయి మాత్రం "ద మెషీన్" అంది, వాతావరణం గురించి చెప్పినట్టు.

దీని అసలు పేరు తీటా ను ఎప్సిలన్. 1870లో కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో పుట్టిన సంఘం, ఆ శతాబ్దం ముగిసేలోపే అలబామా చేరింది. ఆ తర్వాత సెనేటర్ అయిన లిస్టర్ హిల్ విద్యార్థిగా ఉన్నప్పుడు దీన్ని ఎన్నికల యంత్రంగా మలిచాడని చెప్పుకుంటారు. పనిచేసే తీరులో మాయ ఏమీ లేదు. పాత తెల్లవాళ్ళ ఫ్రాటర్నిటీలు, తర్వాత సొరోరిటీలు, ఒక్కొక్కటీ తమ మనిషిని రహస్యంగా పంపుతాయి. అక్కడ అభ్యర్థిని ఖాయం చేస్తారు. కబురు ఇళ్ళకు వెళ్తుంది. మామూలు విద్యార్థుల్లో ఓటేసేవాళ్ళే తక్కువ కాబట్టి, గంపగుత్తగా పడే ఆ ఓట్లు చాలు. గెలిచాక చేతికొచ్చేవి కూడా చిన్నవేం కావు: విద్యార్థి సంఘాలకు డబ్బులు, పదవులు, స్టేడియంలో బ్లాక్ సీటింగ్ (ఒక్కో సంఘానికి విడిగా కేటాయించే సీట్లు). ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ సీటు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎదురు తిరిగినవాళ్ళు లేకపోలేదు. 1976లో క్లియో థామస్ మెషీన్‌ను ఓడించి మొదటి నల్లజాతి ఎస్‌జీఏ (స్టూడెంట్ గవర్నమెంట్) ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయన్ని గెలిపించినవాళ్ళలో సొరోరిటీ అమ్మాయిలూ ఉన్నారు. ఆ దెబ్బ తర్వాతే మెషీన్‌లోకి సొరోరిటీలకు చోటు దొరికింది. కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది ఎందుకో. 1993లో మెషీన్ మద్దతు లేకుండా ప్రెసిడెంట్ పదవికి పోటీ చేసిన ఒకమ్మాయి మీద ఆమె ఇంట్లోనే దాడి జరిగింది. ఎవరు చేశారో తేలలేదు గానీ, యూనివర్సిటీ ఏకంగా స్టూడెంట్ గవర్నమెంట్‌నే రద్దు చేసి, మూడేళ్ళ తర్వాత గానీ తిరిగి పెట్టలేదు.

ఇదంతా పాత కథ అనుకుంటుండగా 2013 వచ్చింది. ఆగస్టులో టస్కలూసా స్కూల్ బోర్డు ఎన్నికలు జరిగాయి. ఒక మాజీ ఎస్‌జీఏ ప్రెసిడెంట్ 87 ఓట్ల తేడాతో గెలిచాడు. ఓటేస్తే బార్‌లో ఫ్రీ డ్రింక్స్ అంటూ సొరోరిటీ సభ్యులకు వెళ్ళిన ఈమెయిల్ పత్రికల్లో పడింది. వ్యవహారం కోర్టుకెక్కింది. మందు పోయించి ఓట్లేయించుకోవడం మన దగ్గర మాత్రమే ఉంటుందనుకున్న మా రూమ్మేట్లకు ఆ వారమంతా పండగే.

రెండు వారాలకే క్యాంపస్ పత్రిక క్రిమ్సన్ వైట్ అసలు బాంబు పేల్చింది. చదువులోనూ కుటుంబ నేపథ్యంలోనూ ఏ లోటూ లేని ఒక నల్లజాతి అమ్మాయిని తీసుకోవడానికి సొరోరిటీల్లోని విద్యార్థినులు సిద్ధపడినా, పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారని రాసింది. 1963లో నల్లజాతి విద్యార్థులు చేరకుండా గవర్నర్ వాలెస్ తలుపుకు అడ్డంగా నిలబడిన ఫోస్టర్ ఆడిటోరియం అదే క్యాంపస్‌లో ఉంది. సరిగ్గా యాభయ్యేళ్ళు. విద్యార్థులు, ప్రొఫెసర్లు ఊరేగింపు తీశారు. అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ జూడీ బానర్ సొరోరిటీలు మళ్ళీ సభ్యుల్ని చేర్చుకునేలా చేశారు, కొందరు నల్లజాతి అమ్మాయిలకు బిడ్లు వచ్చాయి.

ఆ గొడవలో నన్ను పట్టి లాగింది పూర్వ విద్యార్థుల పాత్ర. ఇరవయ్యేళ్ళ పిల్లలు మారడానికి ఒప్పుకున్నా, ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఫోన్‌లో ఆపగలిగారు. మెషీన్ బలం కూడా ముసుగుల్లో లేదు. ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళే తర్వాత లాయర్లు, నాయకులు, దాతలు అవుతారు. ఇక ఎవరు ఎవరిని ప్రశ్నిస్తారు? మనమూ తక్కువ తినలేదులెండి. ఇండియన్ స్టూడెంట్స్ ఎన్నికలప్పుడు తెలుగు బ్యాచ్ అంతా ఒక అపార్ట్‌మెంట్‌లో బిర్యానీ ముందు కూర్చుని ప్రెసిడెంట్‌ను తేల్చేసేది. మనకు గ్రీకు అక్షరాలు లేవు, అంతే.

2015లో ఎలియట్ స్పిల్లర్స్ గెలిచాడు, థామస్ తర్వాత మొదటి నల్లజాతి ప్రెసిడెంట్. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, వార్త చూసి పాత ల్యాబ్ గ్రూప్‌లో పెట్టాను. మరో రెండేళ్ళకు ఇంకో నల్లజాతి అభ్యర్థి మెషీన్ తన వెనుక ఉందని క్రిమ్సన్ వైట్‌లో తానే రాసి, పోటీ చేసి, గెలిచాడు.