బ్యాంకాక్ ఎండలో అరికాళ్ల దర్శనం

ఏప్రిల్‌లో బ్యాంకాక్ ఏంటని అందరూ తిట్టారు. నాకు సెలవు దొరికింది అప్పుడే మరి.

ట్యాక్సీ జోలికి పోకుండా చావో ఫ్రయా నదిలో నారింజ జెండా బోటెక్కాను. నిలబడే ప్రయాణమే, కానీ ఆ గాలి కోసం ఇంకో రెండు స్టాపులు పోవచ్చు.

గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఒకాయన నవ్వుతూ ఎదురొచ్చి, ‘ఇవాళ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తా’ అన్నాడు. అక్కడ ఇది పాత నాటకమే. చివరికి నగల కొట్లో దించుతారు. దండం పెట్టి ముందుకు నడిస్తే గేటు బార్లా తెరిచే ఉంది! కాకపోతే టికెట్ నా బడ్జెట్‌కి భారం. 1782లో కట్టడం మొదలుపెట్టిన ఆ ప్యాలెస్ తెల్లగోడ పక్కనే నడుచుకుంటూ వాట్ ఫో అనే బౌద్ధ గుడికి చేరాను.

అక్కడ మాత్రం తీరిగ్గా గడిపాను. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. హాలు ఇరుకు కాబట్టి విగ్రహమంతా ఒక్క చూపులో పట్టదు. జనం మొహాన్ని ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. నన్నడిగితే పాదాలే చూడాలి. నల్లటి అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభ చిహ్నాలు! వెనకవైపు వరుసగా కంచు గిన్నెలు, వాటిలో జనం చిల్లర వేస్తుంటే టింగుటింగుమని ఒకటే మోత.

తర్వాత పడవలో నది దాటి వాట్ అరుణ్ గుడి చూశాను. గోపురం నిండా పింగాణీ ముక్కలతో చేసిన పూలు. మెట్లు బాగా నిటారు, మధ్యాహ్నం వద్దు.

వెళ్లేవాళ్లు మోకాళ్లు కప్పే పల్చటి కాటన్ ప్యాంటు వేసుకోండి. ఈ గుళ్లలో షార్ట్స్ కుదరవు.