జనవరిలో మౌంట్ పియర్స్: బ్యాగులో ఏం పెట్టుకున్నాం, ఏం వదిలేశాం

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి వైట్ మౌంటెన్స్ అంటే అక్టోబర్‌లో రంగు మారే ఆకులే. కాంకమాగస్ హైవే మీద రెండు చోట్ల కారాపి ఫొటోలు దిగి, లింకన్‌లో ఏదో తిని, చీకటి పడేలోపు ఇల్లు చేరడం. జనవరిలో అక్కడో కొండ ఎక్కుదామని మా బావ అన్నప్పుడు అక్క అడ్డు చెప్పలేదు గానీ ఒక ప్రశ్న వేసింది. "నడుస్తున్నంతసేపు ఒళ్ళు వేడిగానే ఉంటుంది, సరే. మధ్యలో ఎవరికన్నా కాలు మడతపడి కూర్చుండిపోతే అప్పుడేంటి?" ఆ తర్వాత మేం ఏం కొన్నా, ఏం మానుకున్నా ఆ కూర్చుండిపోయిన మనిషిని తలుచుకునే.

కొండ ఎంపిక తేలిగ్గానే అయింది. మౌంట్ పియర్స్ ఎత్తు దాదాపు 4,310 అడుగులు, అంటే మన హార్స్‌లీ హిల్స్‌కి కాస్త అటూ ఇటూ. ఎక్కే దారి క్రాఫర్డ్ పాత్. 1819లో వేసిన బాట, అమెరికాలో అప్పట్నుంచీ ఆగకుండా వాడుతున్న నడకదారుల్లో ఇదే పాతదంటారు. ఒక వైపు 3.1 మైళ్ళు, సుమారు 2,400 అడుగుల ఎక్కుడు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇది నప్పడానికి అసలు కారణం, శిఖరం దగ్గరిదాకా దారంతా చెట్ల మధ్యనే ఉండటం. గాలి కొట్టేది చివరి కాస్త దూరమే. ఆ కాస్తని తేలిగ్గా తీసుకోవడానికి మాత్రం లేదు, ఎందుకంటే అదే కొండల వరసలో ముందుకి పోతే మౌంట్ వాషింగ్టన్. 1934 ఏప్రిల్ 12న గంటకి 231 మైళ్ళ గాలి నమోదైంది అక్కడే. 2023 ఫిబ్రవరిలో విండ్ చిల్ (గాలి కూడా కలిసి ఒంటికి తెలిసే చలి) మైనస్ 108 ఫారన్‌హీట్‌కి పడిపోయింది కూడా అక్కడే. లంబసింగిలో పొద్దున్నే పొగమంచు చూసి ఆంధ్రా కశ్మీర్ అని మురిసిపోయిన బ్యాచ్ మాది, ఈ అంకెలు చదివితే నమ్మబుద్ధి కాలేదు.

సామాను దగ్గరికొస్తే, ఆన్‌లైన్‌లో సర్వైవల్ కిట్ అని వెతకగానే వచ్చేవన్నీ డబ్బాలే. వైరు రంపం, చేపల గాలాలు, తాడుతో అల్లిన బ్రేస్‌లెట్, బొత్తాం అంత దిక్సూచి. నాలుగడుగుల మంచు కింద చేపలెవడు పడతాడో నాకైతే అర్థం కాలేదు. నిప్పు రాజేసే పుల్లలు కూడా అంతే. మంచు పేరుకున్న అడవిలో పొడి కట్టె దొరకడం, చేతులు కొంకర్లు పోతుండగా దాన్ని అంటించడం మాలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. మామూలు లైటర్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికే ఆవిరవడం మానేస్తుంది, కాబట్టి లోపలి జేబులో ఒళ్ళు వేడికి పెట్టుకుంటే తప్ప వెలగదు. ఒకటి జేబులో వేసుకున్నాం, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోలేదు.

ఇంటి వెనకాల మంచు పేరుకుని ఉంది, అక్కడే పరీక్షలు పెట్టాం. రాత్రి భోజనాలయ్యాక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వెళ్ళి కూర్చోవడం, పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూడటం. వెండి రంగు మైలార్ దుప్పటి జేబులో పట్టేంత చిన్నది, చవక, అందరూ అదే కొంటారు. చిన్న గాలికే ఎగిరిపోతుంది, ఒక మూల చిరిగిందంటే ఆ చీలిక ఈ చివరికి వచ్చేస్తుంది. అదే పదార్థంతో సంచిలా కుట్టిన బివీ నయం, లోపల దూరితే గాలి తగలదు. ఊపిరి తేమ, చెమట లోపలే చేరి బట్టలు తడుస్తాయన్నది దాంతో చిక్కు. తేమ బయటికి పోయే రకం ఉంది, ధర రెండింతల పైనే. మేం అదే తీసుకున్నాం. అయితే ఆ సంచి కంటే ఎక్కువ తేడా చూపించింది కింద వేసుకునే ఫోమ్ చాప. చాప లేకుండా బివీలో కూర్చుంటే కాసేపటికే కిందనుంచి చలి పాకుతుంది, లేచిపోవాల్సిందే. ఎంత మంచి జాకెట్ అయినా మన బరువు కింద నలిగిన చోట పని చెయ్యదు మరి. గాలి ఊదే పరుపులు మెత్తగా ఉంటాయి గానీ ఒక్క ముల్లు గుచ్చుకుంటే అయిపోయినట్టే, అందుకని మడతపెట్టే ఫోమ్ చాపలే కొన్నాం. ఇద్దరికి నిలువెత్తువి, మిగతా ఇద్దరికి కోసిన ముక్కలు.

జాకెట్ మీద బావకీ నాకూ పెద్ద వాదనే జరిగింది. తన దగ్గర పక్షి ఈకల డౌన్ జాకెట్ ఉంది, తేలిక, బోలెడు వెచ్చన. తడిస్తే ఈకలు ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. కొండెక్కేటప్పుడు తడి వచ్చేది ఎక్కువగా మన ఒంట్లోంచే కాబట్టి ఆగినప్పుడు వేసుకునేది సింథటిక్ దూది నింపినదైతే మేలని నా వాదన. పైగా అది ఒక సైజు పెద్దదై ఉండాలి, ఒంటి మీద ఉన్న అన్నిటి మీదా, గాలి ఆపే కోటు మీద కూడా ఎక్కాలి. చలిలో నిలబడి ఒక పొర విప్పి ఇంకో పొర వేసుకునే ఓపిక ఎవరికుంటుంది? చివరికి బావ డౌన్ తన బ్యాగులోనే ఉంది, దానికి తోడు సింథటిక్‌ది కూడా వచ్చింది. ఇంట్లో మనశ్శాంతి కూడా సామానే కదా.

ఇంకోటి బాథీ బ్యాగ్. బ్రిటన్ కొండల్లో తిరిగేవాళ్ళు ఎక్కువ వాడతారు. అడుగు లేని పెద్ద నైలాన్ గుడ్డ సంచి, నలుగురూ చుట్టూ కూర్చుని తల మీదినుంచి లాక్కుంటే మన వీపులే గోడలవుతాయి. నలుగురికి సరిపోయేది సుమారు అర కిలో బరువు.

కబురు పంపే సంగతి. బావ ఐఫోన్ చూపించి "ఇందులో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, ఇంకెందుకురా ఖర్చు" అన్నాడు. ఐఫోన్ 14 నుంచి ఆ సదుపాయం ఉన్న మాట నిజమే. చలికి బ్యాటరీ చచ్చిపోతే? చిక్కటి స్ప్రూస్ చెట్ల కింద ఆకాశం కనపడకపోతే? పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) కొంటే నెలనెలా చందా లేదు, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకి సంకేతం పంపుతుంది, కానీ మనకి మాటల్లో జవాబు రాదు. రెండువైపులా సందేశాలు నడిచే శాటిలైట్ మెసెంజర్‌కి చందా కట్టాలి. "వస్తున్నాం, కదలకండి" అన్న ఒక్క మాట అందితే టెన్షన్ సగం తగ్గుతుందని అక్క రెండోదానికే ఓటేసింది. కబురు అందాక కూడా ఇక్కడ ఫిష్ అండ్ గేమ్ శాఖ వాళ్ళూ వాలంటీర్లూ మంచులో నడిచే రావాలి, దానికి గంటలు పడుతుంది. ఆ గంటల కోసమే మిగతా సామానంతా. అన్నట్టు, ఆ శాఖవాళ్ళు 2015 నుంచి హైక్ సేఫ్ కార్డు అమ్ముతున్నారు. ఒక్కరికైతే 25 డాలర్లు, కుటుంబానికి 35. అది ఉంటే, మరీ ఒళ్ళు తెలియని తెంపరితనం అయితే తప్ప రెస్క్యూ ఖర్చు మన మీద వెయ్యరు.

వెళ్ళే ముందురోజు సాయంత్రం మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ వాళ్ళు ఇచ్చే హయ్యర్ సమ్మిట్స్ ఫోర్‌కాస్ట్ చదివాం. దాన్నిబట్టి పైన సున్నా ఫారన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్), గాలి 15 మైళ్ళ పైమాట. ఆ రెండూ కలిస్తే బయట పెట్టిన చర్మం అరగంటలో గడ్డకడుతుంది. పైన పది నిమిషాలకి మించి ఉండొద్దు, ఒంటిగంట కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి అనుకున్నాం. జనవరి మధ్యలో అక్కడ నాలుగున్నరకే పొద్దుగూకుతుంది.

93 హైవే మీద ఫ్రాంకోనియా నాచ్ దాటి, ట్విన్ మౌంటెన్ దగ్గర 302 రోడ్డెక్కి పొద్దున్నే చేరాం. నలుగురిలో ఒకరు బావ ఆఫీసు స్నేహితుడు, గుంటూరాయన, స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి పలకలు) అద్దెకి తెచ్చుకున్నాడు. ఎక్కడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తొక్కి గట్టిపడిన మంచు, అటూ ఇటూ తెల్లటి చెట్లు, చెమట పట్టకుండా కావాలనే నెమ్మదిగా నడక. నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టుకున్నాం, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత బిగుసుకోదు. గొట్టం ఉన్న సంచి తెచ్చినవాళ్ళు ఒకళ్ళిద్దరు దారిలో కనిపించారు, గొట్టం ఎప్పుడో గడ్డకట్టేసింది పాపం. చెట్లు దాటాక గాలి ముఖం మీద కొట్టింది, మౌంట్ ఐసెన్‌హవర్ గుండ్రటి బోడిగుండు, దాని వెనక వాషింగ్టన్ తెల్లగా. ఫొటో తీస్తుంటే బావ ఫోన్ ముప్పై శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోయింది. అక్క ఏమీ అనలేదు, చూసిందంతే.

దిగేటప్పుడు, చెట్లలోకి వచ్చాక, గుంటూరాయన స్నోషూ పట్టీ తెగింది. చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్. మైక్రోస్పైకులతో (బూట్లకి తొడిగే ఇనుప ముళ్ళు) నడవచ్చు గానీ మడమ దిగబడే మెత్తటి చోట్లు ముందు చాలా ఉన్నాయి. సరే ఆగుదాం అన్నాం. చాపలు పరిచి, పెద్ద జాకెట్లు వేసుకుని, బాథీ బ్యాగ్ లాక్కున్నాం. లోపల నలుగురి ఊపిరికి వెచ్చదనం తెలుస్తోంది, నారింజ రంగు వెలుగు, ముక్కులు కారడం, జోకులు. బాగుచెయ్యడానికి తెచ్చిన జిప్ టై లాగగానే విరిగింది, అదీ ప్లాస్టిక్కే. స్కీలు కట్టడానికి వాడే రబ్బరులాంటి వాయిల్ పట్టీ పనికొచ్చింది. పని చేసేటప్పుడు పెద్ద చేతితొడుగులు తీసి లోపలి పల్చటి గ్లవ్స్‌తో కట్టాను, అంతలోనే వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడి ప్యాకెట్లు చేతిలో బాగా పనిచేశాయి గానీ బూటులో పెట్టుకున్న అక్కకి పెద్దగా వేడి రాలేదు. వాటిలో ఉండే ఇనుప పొడికి గాలి తగలాలి, బిగుతు బూటులో గాలేదీ?

తిండి విషయంలో మాత్రం అమెరికా బార్లు ఓడిపోయాయి, పళ్ళు దిగలేదు. పల్లీ చిక్కీ చిన్న ముక్కలు చేసి తెచ్చాం కాబట్టి నోట్లో వేసుకోగానే సరిపోయింది, సున్నుండలు గట్టిపడ్డా కొరకగలిగాం. ఫ్లాస్కులో మిరియాల చారు పొగలు కక్కుతూనే ఉంది. గుంటూరాయన కారం తక్కువైందన్నాడు.

కారు దగ్గరికి వెలుతురుండగానే వచ్చేశాం, హెడ్‌ల్యాంపులు తీసే అవసరం రాలేదు. వాటిలో లిథియం బ్యాటరీలే వేశాం, ఆల్కలైన్‌వి చలిలో నీరసపడతాయి. ఇంటికొచ్చాక జిప్ టైలు తీసేసి ఇంకో రెండు వాయిల్ పట్టీలు పెట్టాం. బావ ఇప్పుడు ఫోన్ లోపలి చొక్కా జేబులో పెట్టుకుంటానంటున్నాడు. ఇవన్నీ ఒకేసారి కొనాలా అని ఆఫీసులో అడిగినవాళ్ళకి నేను చెప్పేది, ముందు ఫోమ్ చాప, హెడ్‌ల్యాంపు, పెద్ద సింథటిక్ జాకెట్ కొనండి, బాథీ బ్యాగ్, మెసెంజర్ నలుగురూ పంచుకుని కొనండి. కాకపోతే పంచుకున్నవి మోసేవాడు గుంపుని వదిలి ముందుకి పరిగెత్తే రకం కాకూడదు, అందుకే మా గుంపులో అవి రెండూ అక్క బ్యాగులోనే ఉంటాయి.