మా సంఘం వెబ్‌సైటుకు సీఎంఎస్‌ను ఎంచుకున్న తీరు, నేర్చుకున్న తీరు

మా సంఘం వెబ్‌సైటు చాలా కాలం ఒకే ఒక్క సహోదరుని చేతిలో ఉండేది. పేజీలన్నీ ఆయనే వెబ్ పేజీలు రాసే కోడ్ అయిన హెచ్‌టీఎంఎల్‌లో రాసి, ఎంతో శ్రద్ధగా నడిపారు. ఆయన ఉద్యోగరీత్యా వేరే చోటికి వెళ్లిన తరువాత, శుభ శుక్రవారపు ఆరాధన వేళ మారిందన్న ఒక్క వాక్యాన్ని సరిచేయడానికి కూడా మాలో ఎవరికీ దారి తెలియలేదు. పాశ్చాత్య సంఘాల లెక్కలో ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు కనుక, దానితో ముడిపడిన ఆరాధనల తేదీలన్నీ ఏటా కదులుతూనే ఉంటాయి. వెబ్‌సైటులో మిగిలిపోయిన పాత వేళను నమ్మి ఒక కుటుంబం ఆరాధన ముగిసిన తరువాత వచ్చింది. వాళ్లు పసిపిల్లతో గుమ్మం దగ్గర నిలబడి ఉండడం చూసిన రోజున, ఈ వెబ్‌సైటును పది మంది చేతికి అందేలా మార్చాలని సంఘ పెద్దలను అడిగి, ఆ బాధ్యత తీసుకున్నాను.

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (సీఎంఎస్) అంటే, రాసే విషయాన్ని దాని రూపం నుంచి వేరు చేసి డేటాబేస్‌లో దాచి, కోడ్ తెలియని వారు కూడా బ్రౌజర్‌లోంచే దానిని మార్చుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్. నేను మూడింటిని పరిశీలించాను: 2001లో వచ్చిన డ్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, 2005లో మాంబో నుంచి విడిపడిన జూమ్లా. మూడూ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే, మూడూ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉచితంగా దొరికేవే. జూమ్లా అన్న పేరు ‘అందరూ కలిసి’ అనే అర్థం గల స్వాహిలి మాట నుంచి వచ్చిందని తెలిసినప్పుడు, సంఘానికి ఇంతకంటే తగిన పేరు ఉంటుందా అనిపించింది. ఒకే వెబ్‌సైటును రెండు మూడు భాషల్లో నడిపే ఏర్పాటు అందులో విడిగా ఏదీ చేర్చకుండానే కలిసి వస్తుంది. రెండు భాషల్లో ఆరాధన జరిపే సంఘాలకు అది చిన్న విషయం కాదు.

అయితే లక్షణాల పట్టికలను పోల్చి చూసినంత మాత్రాన నిర్ణయం తేలలేదు. మూడింటినీ నా కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, ప్రతి వారం ప్రకటనలను సిద్ధం చేసే సహోదరిని కూర్చోబెట్టి, మూడింటిలోనూ ఒకే పని చేయమని కోరాను: వచ్చే ఆదివారపు వాక్యభాగం, ప్రసంగీకుని పేరు, ఒక ఫొటో పెట్టాలి. జూమ్లాలో ఆమె వ్యాసాన్ని రాయగలిగారు కానీ, అది మెనూలో ఎక్కడ కనిపించాలో, పక్కన ఏ మాడ్యూల్ (చిన్న సమాచార పెట్టె) రావాలో నిర్ణయించే దగ్గర ఆగిపోయారు. విషయాన్ని రకరకాలుగా విభజించి, వాటి మధ్య సంబంధాలు కట్టడంలో డ్రూపల్‌కు ఉన్న బలం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. కానీ 2011లో వచ్చిన డ్రూపల్ 7కు మద్దతు 2025 జనవరిలో ముగిసింది, దాని మీద ఉన్న వెబ్‌సైట్లు తరువాతి వెర్షన్లకు వెళ్లాలంటే దాదాపు కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. జీతగాళ్లు లేని, సాయంకాలాలు మాత్రమే ఇవ్వగలిగిన మా వంటి వారు అలాంటి మార్పును మోయలేరని నా అభిప్రాయం. వర్డ్‌ప్రెస్‌లో మాత్రం ఆమె నా సహాయం లేకుండానే పని ముగించారు.

2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో వచ్చిన బ్లాక్ ఎడిటర్ అందుకు ముఖ్య కారణం. పేరా ఒక బ్లాక్, ఫొటో ఒక బ్లాక్, ఆడియో ఒక బ్లాక్. వాటిని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఆ ఎడిటర్‌కు పెట్టిన పేరు గూటెన్‌బర్గ్. 1455 ప్రాంతంలో బైబిలును అచ్చు వేసిన ముద్రాపకుని పేరు అది. వాక్యాన్ని పది మందికి చేర్చే పనిలో ఆ పేరు ఎదురుకావడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

వర్డ్‌ప్రెస్ అన్న పేరు మీద రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయని కొత్తవారు తప్పక తెలుసుకోవాలి. డాట్ ఓఆర్‌జీలో దొరికేది మనం తీసుకున్న హోస్టింగ్‌లో (వెబ్‌సైటును ఉంచే సర్వర్ స్థలంలో) మనమే పెట్టుకునే సాఫ్ట్‌వేర్. డాట్ కామ్‌లో ఉన్నది ఒక సంస్థ మన తరఫున నడిపి ఇచ్చే సేవ. మేము మొదటిదాన్ని ఎంచుకున్నాము.

ఇక అసలు విషయానికి వస్తాను. సంఘం వెబ్‌సైటులో ఏళ్ల తరబడి విలువ తగ్గనిది ప్రసంగాల భాండారమే. ప్రకటనలు వారం తిరిగేసరికి పాతబడతాయి. రోమా పత్రిక మీద క్రమంగా చెప్పిన ప్రసంగాలను పదేళ్ల తరువాత కూడా ఎవరో ఒకరు వెదుక్కుంటూ వస్తారు. అందుకే ప్రసంగాన్ని మామూలు పోస్టుగా కాక, తేదీ, ప్రసంగీకుడు, వాక్యభాగం, ప్రసంగమాల, ఆడియో అనే గడులున్న ప్రత్యేకమైన పోస్ట్ టైప్‌గా (వేరే రకం పోస్టుగా) పెట్టుకోవాలి. ఇది తెలిసినప్పటికీ నేను ఒక పెద్ద తప్పు చేశాను. సంఘాల కోసమే తయారైన ఒక థీమ్‌లో (వెబ్‌సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్టలో) ప్రసంగాల ఏర్పాటు సిద్ధంగా ఉందని చూసి, ముందు వెనుకలు ఆలోచించకుండా దాన్నే వాడాను. ఏడాది గడిచాక థీమ్ మార్చగానే ప్రసంగాల మెనూ మొత్తం డ్యాష్‌బోర్డు (నిర్వాహకుల తెర) నుంచి మాయమైంది. డేటాబేస్‌లో అవన్నీ భద్రంగానే ఉన్నాయి, కానీ వాటిని గుర్తించే కోడ్ పాత థీమ్‌తో పాటే వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోస్ట్ టైప్‌ను అదే పేరుతో ఒక చిన్న ప్లగిన్‌లో (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పని చేర్చే కోడ్‌లో) నమోదు చేయగానే ప్రసంగాలన్నీ తిరిగి కనిపించాయి. థీమ్ రూపానికి మాత్రమే పరిమితం కావాలి; విషయాన్ని నిర్వచించే కోడ్ ప్లగిన్‌లోనే ఉండాలి. రెడీమేడ్ థీమ్ కొనబోయే ప్రతి సంఘమూ ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

బైబిలు పుస్తకాల వరుస మరొక చిక్కు తెచ్చింది. ప్రసంగాలను పుస్తకాల వారీగా చూపడానికి ఒక వర్గీకరణ చేస్తే, వర్డ్‌ప్రెస్ వాటిని అక్షరక్రమంలో పేర్చింది. అప్పుడు ‘1 కొరింథీయులకు’ వంటివి అంకెతో మొదలవుతాయి కనుక అన్నిటికంటే ముందుకు వచ్చాయి, ఆ తరువాత అపొస్తలుల కార్యములు, దాని తరువాత ఆదికాండము. వాడుకలో ఉన్న బైబిలు వరుస తెలిసిన వారికి ఆ పట్టిక ఎంత గజిబిజిగా ఉంటుందో చెప్పనక్కరలేదు. 66 పుస్తకాలకూ స్లగ్‌లో (వెబ్ చిరునామాలో కనిపించే చిన్న పేరులో) 01 నుంచి 66 వరకు అంకెలు పెట్టి, పేరును బట్టి కాక స్లగ్‌ను బట్టి పేర్చమని చెప్పిన తరువాత ఆదికాండము తన చోటికి వచ్చింది. వెదుకులాటలోనూ ఇలాంటిదే జరిగింది. వర్డ్‌ప్రెస్‌లో సహజంగా ఉండే శోధన అక్షరాల వరుస ఎక్కడ ఉంటే అక్కడ పట్టుకుంటుంది కాబట్టి, ‘ప్రసంగి’ గ్రంథం కోసం వెదికితే ‘ప్రసంగించారు’ అన్న మాట ఉన్న ప్రతి పోస్టూ వచ్చి పడింది. వర్గీకరణ ద్వారా వెదికే పేజీ వేరుగా ఉండడం ఎందుకు అవసరమో నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

తెలుగు శీర్షికల చిరునామాల గురించి కూడా చెప్పాలి. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు కావాలి, చిరునామాలోకి మారేసరికి ఒక్కో బైటు 3 గుర్తులై అది 9 గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు 200 గుర్తుల పరిమితి ఉంది కాబట్టి, దాదాపు 22 యూనికోడ్ గుర్తుల దగ్గరే శీర్షిక తెగిపోతుంది. ఒత్తులూ గుణింతాలూ వేర్వేరు గుర్తులే కనుక అది రెండు మూడు మాటలకు మించదు. అందువల్ల ప్రతి ప్రసంగానికీ తేదీతో కూడిన చిన్న స్లగ్‌ను ఇంగ్లిషు అక్షరాల్లో చేతితో ఇస్తున్నాము. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత కరపత్రాలను మాత్రం యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో వాక్యాన్నీ చదివి సరిచూడవలసి వచ్చింది.

ఆడియో మొదట అప్‌లోడే కాలేదు. పీహెచ్‌పీలో ఫైలు పరిమితి మొదట 2 మెగాబైట్లు మాత్రమే ఉంటుంది. హోస్టింగ్ సెట్టింగుల్లో దానిని పెంచుకోవాలి. 40 నిమిషాల ప్రసంగాన్ని సెకనుకు 64 కిలోబిట్ల మోనోలో (ఒకే చానెల్ ధ్వనిలో) భద్రపరిస్తే సుమారు 19 మెగాబైట్లు అవుతుంది, 192 కిలోబిట్లలో అయితే దాదాపు 58. మాటకు మొదటిది చాలును, డేటా తక్కువగా ఉన్న ఫోన్లలో వినే వృద్ధులకు అదే మేలు.

నేర్చుకోవడంలో నాకంటే సంఘంలోని మిగతావారి వంతే ఎక్కువ ఉండాలని మొదటి నుంచీ అనుకున్నాను. వర్డ్‌ప్రెస్‌లోని పాత్రలు దీనికి ఎంతో ఉపకరించాయి. ప్రసంగ సారాంశాలు టైపు చేసే యౌవనస్థులకు కంట్రిబ్యూటర్ పాత్ర ఇచ్చాము. వారు రాయగలరు, ప్రచురించలేరు, ఫైళ్లు కూడా ఎక్కించలేరు. ప్రకటనల సహోదరి ఎడిటర్‌గా వాటిని చదివి ప్రచురిస్తారు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలు రెండే ఉన్నాయి, రెండూ వేర్వేరు వ్యక్తుల దగ్గర. ప్రార్థన విన్నపాలు ఈ-మెయిల్‌కు మాత్రమే వెళ్తాయి, వెబ్‌సైటులో ఎక్కడా కనిపించవు. ఒకరి జబ్బు, ఒకరి కుటుంబ కష్టం లోకమంతటికీ తెలియకూడదు. పిల్లల ఫొటోలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టము.

ప్లగిన్లను మంగళవారం అప్‌డేట్ చేస్తాము, శనివారం సాయంత్రం మాత్రం దేనినీ ముట్టుకోము. బ్యాకప్‌లో డేటాబేస్, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్ రెండూ ఉండాలి. ఒకటి లేకపోతే మాటలు ఉండి ఫొటోలు పోతాయి, లేదా ఫొటోలు ఉండి మాటలు పోతాయి. మూడు నెలలకు ఒకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో పునరుద్ధరించి చూస్తాము. కిందటిసారి ఆ పనిని నేను లేకుండానే ఆ సహోదరి, ఇద్దరు యౌవనస్థులు కలిసి చేశారు, నాకు ఫోన్ కూడా చేయలేదు.